ముప్పై అయిదో బండి

ఫోను మూడోసారి మోగకముందే ఎత్తడం ఆయన అలవాటు. ఎత్తి "హలో" అని ఊరుకునేవాడు. అవతలి డ్రైవరు కూడా "హలో" అనేవాడు. అక్కడితో ఆయనకు సగం సంగతి తెలిసిపోయేది. ఆ మాట చివర కాస్త వంగితే మనిషి దారి తప్పాడు. మధ్యలో విరిగితే ఇంట్లో గొడవపడి వచ్చాడు. మరీ నున్నగా ఉంటే బండికి ఎక్కడో గీత పడింది, ఎలా చెప్పాలో వెతుక్కుంటున్నాడు. పందొమ్మిదేళ్ళుగా ఆయన ఆ కిటికీ లేని గదిలో కూర్చుని, మనుషుల గొంతుల్లోనే ఎండా వానా చూస్తూ వచ్చాడు. డ్రైవర్లందరూ ఆయన్ని హలో బాబాయ్ అనేవారు. జీతం కాగితం మీద వేరే పేరేదో ఉండేది గానీ, దాంతో పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి చూసేవాడు కాదు.

ఆ కంపెనీ ఆసుపత్రుల దుప్పట్లు ఉతికేది. తెల్లవారుజామున నాలుగింటికి ముప్పై నాలుగు వ్యాన్లు ఆవిరి కక్కే షెడ్డు ముందు వరసగా నిలబడేవి. వెనక తలుపులు తెరిస్తే లోపల మేఘాల్ని మడతలు పెట్టి పేర్చినట్టుండేది. ఆ తెలుపు ఊరంతా తిరిగి, మధ్యాహ్నానికి మరకలై, మూటలై తిరిగొచ్చేది. ఏ మరక దేనిదో ఎవరూ అడిగేవారు కాదు. నీళ్ళకి తెలుసు, అంతే.

ప్రతి ఆసుపత్రిలోనూ ఒక తంతు ఉండేది. వార్డు మనిషి మాసిన దుప్పట్లను ఒక్కొక్కటే లెక్కపెట్టి మూటలో వెయ్యాలి. డ్రైవరు పక్కనే నిలబడి చూడాలి. ఒక్కటి తగ్గినా రెండు రోజుల తగువు. అందుకని అరగంటైనా ఎవరూ తొందరపడేవారు కాదు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. అది ఏ కాగితం మీదా లేదు. మూడింటికి లేచిన మనిషికి మధ్యాహ్నం ఎండలో కళ్ళు బరువెక్కుతాయి. అలా బరువెక్కినవాడు బండిని రోడ్డు వారగా ఆపి, బాబాయ్‌కి ఫోన్ చేసి, "ఆగాను" అని ఒక్క మాట చెప్పి పడుకోవాలి. బాబాయ్ గోడ గడియారం చూసుకుని, సరిగ్గా పదిహేను నిమిషాలకు ఫోన్ చేసి లేపాలి. లేచాక రెండోసారి "హలో" అనిపించుకుని, ఆ గొంతులో నిద్ర కరిగిందా లేదా అని చూసి, అప్పుడు "ఊఁ, పోనీ" అనేవాడు. పందొమ్మిదేళ్ళలో ఒక్క బండీ ఎవర్నీ గుద్దలేదు. అదేదో తమ అదృష్టమనుకుంది కంపెనీ.

ఈ పద్ధతిని అందరికంటే భక్తిగా పాటించినవాడు ఆయన బావమరిదే. పంతొమ్మిదో నంబరు బండి అతనిది. అతని నడక నిదానం, మాట నిదానం, నవ్వు మొహంలోకి వచ్చేసరికి జోకు వేసినవాడు వెళ్ళిపోయి ఉండేవాడు. డ్రైవర్లు అతనికి నింపాది అని పేరు పెట్టారు. పదకొండేళ్ళలో బండి మీద చిన్న గీత కూడా లేదు. ఇద్దరు చిన్నపిల్లలు, భార్య, అద్దె ఇల్లు, అన్నీ ఆ ఒక్క స్టీరింగు మీదే కూర్చున్నాయి.

అప్పుడు కొత్త మేనేజరు వచ్చాడు.

ఆయన అంతకుముందు ఐస్‌క్రీమ్ కంపెనీలో పనిచేశాడు. ఆగిందల్లా కరిగిపోతుందన్న భయం ఆయన్ని అక్కణ్ణుంచి ఇక్కడిదాకా వెంబడించి వచ్చింది. చేరిన రెండోరోజే బాబాయ్ కూర్చునే కింది గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

"మనకి ఎన్ని బళ్ళున్నాయి?"

"ముప్పై నాలుగండి."

"ఈ నిమిషంలో ఎన్ని ఆగి ఉన్నాయి?"

బాబాయ్ గడియారం వంక చూశాడు. "తొమ్మిది ఆసుపత్రుల్లో లెక్క నడుస్తోందండి. రెండు సిగ్నల్ దగ్గరుంటాయి. ఒకడు టీ తాగుతున్నాడు. ఇంకొకడు తాగట్లేదని చెప్తాడు గానీ తాగుతున్నాడు."

"ఎలా తెలుసు?"

"ఇందాక మాట్లాడాడండి. గ్లాసు చప్పుడైంది."

మేనేజరు జాలిగా తల ఊపాడు. "అదేనండీ సమస్య. మీకు తెలుసు. కంపెనీకి తెలియదు."

వారం తిరగకుండా ప్రతి బండిలోనూ అగ్గిపెట్టంత నల్లడబ్బా బిగించారు. బాబాయ్ గదిలో గోడంత తెర పెట్టారు. ఆ తెర మీద ఊరు పరుచుకుంది. ముప్పై నాలుగు చుక్కలు దాని వీధుల్లో చీమల్లా పాకాయి. బాబాయ్‌కి మొదటిరోజు నిజంగానే ముచ్చటేసింది. గదికి కిటికీ వచ్చినట్టైంది.

చుక్కల్ని చూస్తే చాలదనీ, అవి తప్పు చేసినప్పుడు వాటంతటవే మొర పెట్టుకోవాలనీ చెప్పడానికి ఒక ట్రైనర్ అమ్మాయి వచ్చింది. బుజాన బ్యాగు, చేతిలో ల్యాప్‌టాప్, ఇంకా మూడు కంపెనీలకు వెళ్ళాలన్న హడావిడి.

"అంకుల్, చాలా సింపుల్. ఇవి అరవై రెండు గళ్ళు. గడిలో టిక్ పెడితే అలర్ట్ వస్తుంది, పెట్టకపోతే రాదు. మీకు ఏవేవి కావాలో చెప్పండి."

"ఏవేవి ఉంటాయమ్మా?"

"స్పీడు, సడన్ బ్రేకు, షార్ప్ టర్నింగు, తలుపు తెరిస్తే, తలుపు తెరవకపోతే, దారి మారితే..."

"దారి మారకపోతే?"

"అది కూడా ఉంది అంకుల్. ముప్పై ఎనిమిదో గడి."

బాబాయ్ ఆలోచనలో పడ్డాడు. ఆలోచించే వ్యవధి ఆయనకు దొరకలేదు. వెనకనుంచి మేనేజరు, "ఒక్కటి కూడా వదలొద్దు" అన్నాడు. బాబాయ్ ఒకటో గడి నుంచి అరవై రెండో గడి దాకా, వానచినుకులు లెక్కపెట్టే మనిషిలా, ఒక్కొక్కటే టిక్ పెట్టుకుంటూ పోయాడు. సగం గళ్ళల్లో ఏముందో ఆయనకు అర్థం కాలేదు. బుద్ధిగా పెట్టాడు.

"నిద్రపోతుంటే కనిపెట్టేది లేదా అమ్మా?"

"దానికి లోపల కెమెరా కావాలి అంకుల్. మీ ప్యాకేజీలో లేదు."

"వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు మేనేజరు. "బండి ఆగితే ఏమవుతుంది, అది చెప్పండి."

"ఎన్ని నిమిషాలు ఆగితే అలర్ట్ రావాలో మీరే పెట్టుకోవచ్చు సర్."

"ముప్పై అయిదు పెట్టమ్మా" అన్నాడు బాబాయ్. "ఆసుపత్రిలో లెక్కకి..."

"ముప్పై అయిదా?" మేనేజరు మొహంలో ఏదో కరిగి కారిపోయింది. "పది."

"ఆసుపత్రుల్ని మినహాయించొచ్చు సర్. మ్యాప్‌లో వాటి చుట్టూ గీత గీస్తే చాలు."

"మినహాయింపులు మొదలుపెడితే ఎక్కడ ఆగుతాం? రూలంటే అందరికీ, అన్నిచోట్లా ఒకటే. ఎనిమిది నిమిషాలకి పసుపు. పదికి ఎరుపు. నెలలో మూడు ఎరుపులు పడితే?"

"లెటర్ దానంతటదే ప్రింటవుతుంది సర్."

"ఏం లెటరు?"

"మీరు ఏది రాసి పెడితే అది."

మేనేజరు పైకి వెళ్ళి ఉద్యోగం నుంచి తొలగిస్తున్నామనే ఉత్తరం రాసుకొచ్చాడు. చక్కటి ఉత్తరం. పేరు రాయాల్సిన చోట మాత్రం ఖాళీ వదిలాడు. ఆ ఖాళీ, కుర్చీ లాగి పెట్టినట్టు, ఎవరికోసమో ఎదురుచూస్తూ ఉండిపోయింది.

మొదటిరోజు పొద్దున తొమ్మిదయ్యేసరికి నలభై ఒక్క ఎరుపులు పడ్డాయి. తెర తట్టు పోసిన పిల్లాడి వీపులా తయారైంది. మొదటి వారం రిహార్సల్ అనీ, అసలు లెక్క వచ్చే సోమవారం నుంచనీ మేనేజరు ప్రకటించాడు. ఆ వారంలోనే డ్రైవర్లు కూడా తమ రిహార్సల్ చేసుకున్నారు.

దారి కనిపెట్టినవాడు ఏడో నంబరు బండివాడు. అతన్ని జెట్టు అంటారు. "బాబాయ్, బండి ఆగితేనే కదా ఏడుపు? ఆపం. తొమ్మిది నిమిషాలకోసారి పది అడుగులు ముందుకి, మళ్ళీ పది అడుగులు వెనక్కి. దాని కళ్ళకి మనం ప్రయాణంలో ఉన్నట్టే."

ఆ సోమవారం నుంచి ఊళ్ళోని ఆసుపత్రుల ఆవరణల్లో ఒక వింత నృత్యం మొదలైంది. తెల్లటి వ్యాన్లు, ఎవరూ పాడని పాటకి, ముందుకూ వెనక్కీ ఊగాయి. లెక్కపెట్టే వార్డు మనుషులు మాత్రం ఆ పాటకి ఒప్పుకోలేదు. డ్రైవరు పక్కన లేకుండా లెక్కపెడితే రేపు తగ్గిన దుప్పటి తమ నెత్తిన పడుతుంది మరి.

"అరవై రెండు... అరవై మూడు... ఏయ్, ఎటు పోతున్నావయ్యా?"

"ఒక్క నిమిషం పెద్దమ్మా, బండి కాస్త కదిపొస్తా."

"కదుపుకో, కదుపుకో. నేను మళ్ళీ ఒకటి నుంచి మొదలెడతా."

అరగంట లెక్క గంటైంది. పది గంటల దుప్పట్లు పన్నెండింటికి చేరాయి. చేరనివాటి కోసం మధ్యాహ్నం రెండో ట్రిప్పులు వేశారు. మూడింటికి లేచినవాళ్ళు సాయంత్రం ఏడింటిదాకా నడిపారు. ఆసుపత్రులనుంచి బాబాయ్‌కి ఫోన్లు వచ్చాయి. ఒక నర్సు, "మంచాలున్నాయి, రోగులున్నారు, మధ్యలో పరవాల్సింది మాత్రం మీ తెర మీద తిరుగుతోంది" అంది. బాబాయ్ అరవై రెండు గళ్ళూ మళ్ళీ మొదట్నుంచి చదివాడు. దుప్పట్లు చేరాయా లేదా అని అడిగే గడి అందులో ఒక్కటీ లేదు.

తెర మాత్రం పచ్చగా ఉంది. ఏ పశువునైనా తోలుకొచ్చి ఆ గోడ ముందు కట్టేయాలనిపించేంత పచ్చగా ఉంది. బండ్లు ఆగడం తొంభై శాతం తగ్గిందని మేనేజరు పైవాళ్ళకి రిపోర్టు పంపాడు. ఆయన అబద్ధమేమీ రాయలేదు. నిజంగానే ఎవరూ ఆగడం లేదు.

"ఆగాను" అనే ఫోన్లు కూడా ఆగిపోయాయి. కునుకు పట్టేది పదిహేను నిమిషాలు, ఎరుపు పడేది పదికి. డ్రైవర్లు కిటికీలు దించి మొహాలు గాలికి పెట్టారు. జెట్టు గొంతెత్తి పాడుతూ నడిపాడు. ఇంకొకడు తన చెంప తనే వాయించుకున్నాడు. నింపాది ఒక్కడే రెండుసార్లు పాత పద్ధతిలో పడుకున్నాడు. ఆ నెల మొదటి పదిరోజుల్లోనే అతనికి రెండు ఎరుపులు పడ్డాయి.

రెండోది పడిన సాయంత్రానికే ఆ సంగతి ఇంటికి చేరింది. బాబాయ్ చెప్పులు విప్పకముందే భార్య గుమ్మంలో నిలబడింది.

"మా తమ్ముడికి రెండు ఎర్రలు పడ్డాయటగా?"

"పడ్డాయి."

"ఇంకొకటి పడితే ఇంటికి పంపిస్తారటగా?"

"అలా అని రాసుంది."

"ఆ మిషన్లో టిక్కులు పెట్టింది ఎవరండీ?"

బాబాయ్ వంగి చెప్పులు విప్పుకున్నాడు.

"పెళ్ళిలో వాడు మీ కాళ్ళు కడిగాడు కదా, ఇప్పుడు మీరు వాడి కడుపు కొడుతున్నారు. బాగుంది."

"నేను కొట్టడమేమిటే, అది ఆటోమేటిక్."

"ఆహా! దానికి చేతులు లేవు కాబట్టి మీ చేతులు అరువిచ్చారన్నమాట."

ఆమె వంటగదిలోకి వెళ్ళింది. గిన్నెలు మామూలుకంటే గట్టిగా మాట్లాడుకున్నాయి. బాబాయ్ ఆ రాత్రి మంచం అంచున ముడుచుకుని పడుకున్నాడు. పక్కన దుప్పటి మీద ఆమె వీపు, దాటడానికి వీల్లేని గట్టులా, ఉదయందాకా అలాగే ఉంది.

మర్నాడు భోజనాల వేళ, గది ఖాళీగా ఉన్నప్పుడు, ఆయన ఆ గడిలోని పదిని చెరిపి ఇరవై అని కొట్టాడు. మెట్ల మీద బూట్ల చప్పుడైంది. మేనేజరు సగం కడిగిన చేత్తో, ఇంకో చేతిలో ఫోన్‌తో దిగొచ్చాడు.

"నాకు ఇప్పుడే అలర్ట్ వచ్చింది. మీరు అలర్టు మారుస్తున్నారని."

"అలాంటి అలర్ట్ కూడా ఉందాండీ?" అన్నాడు బాబాయ్ ఆశ్చర్యంగా. "ఎవరు పెట్టారు?"

"మీరే. యాభై తొమ్మిదో గడి."

ఇరవై మళ్ళీ పది అయింది. నెల ముగియడానికి ఇంకా పందొమ్మిది రోజులు. ఆ పందొమ్మిది రోజులూ నింపాది ఎక్కడా ఆగలేదు. ఒకటో తారీఖు వస్తే పాత ఎరుపులు చెరిగిపోతాయి. అదొక్కటే ఆశ. అతను రోజూ ఇంటికి వెళ్ళేటప్పుడు గది గుమ్మం దగ్గర తల పెట్టి, "ఇంకా పన్నెండు, బావా", "ఇంకా తొమ్మిది, బావా" అని చెప్పి వెళ్ళేవాడు. రోజురోజుకీ కళ్ళకింద నీడలు ముదిరాయి. నిదానమైన ఆ నవ్వు ఇప్పుడు అసలు చేరేదే కాదు, దారిలోనే ఎక్కడో ఉండిపోయేది.

నెలాఖరి రోజు. మధ్యాహ్నం రెండుంబావు. బయట ఎండ రోడ్ల మీద నీళ్ళలా మెరుస్తూ ఉండి ఉంటుంది. గదిలో ఫ్యాను తిరుగుతోంది. తెర మీద పంతొమ్మిదో చుక్క ఊరవతల పెద్దరోడ్డు మీద నిలబడి ఉంది. చూస్తుండగానే అది పసుపుపచ్చగా మారింది.

ఎనిమిది నిమిషాలు. ఇంకా రెండున్నాయి.

బాబాయ్ ఫోన్ చేశాడు. అది చాలాసేపు మోగింది. ఏడో మోతకి ఎత్తారు.

"హలో."

ఆ హలో నీళ్ళ అడుగునుంచి వచ్చింది. అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకోలేక తేలిపోతున్నాయి. పందొమ్మిదేళ్ళలో ఇలాంటి హలో బాబాయ్ ఎన్నడూ వినలేదు. ఆయన లేచి నిలబడ్డాడు.

"బావా... పసుపు పడిందా? కదుపుతున్నా. ఇదుగో, కదుపుతున్నా." తాళం తడుముతున్న చప్పుడు, ఆ వెనకే ఇంజను స్టార్టైన చప్పుడు.

"ఎన్నింటికి లేచావురా?"

"మూడింటికి. నిన్న ఇంటికెళ్ళేసరికి తొమ్మిదైంది... పర్లేదు, మొహం కడుక్కున్నా."

"కడుక్కున్నావా?"

కాస్త ఆగి, "కడుక్కుంటా" అన్నాడు.

తెర మీద తొమ్మిది నిమిషాలు దాటింది. కదుపు అని ఒక్క మాటంటే చాలు. పది అడుగులు కదిపితే చాలు, చుక్క పచ్చబడుతుంది. కానీ పెద్దరోడ్డు మీద పది అడుగులు ముందుకెళ్ళిన బండి వెనక్కి రాదని బాబాయ్‌కి తెలుసు. అది వేగం అందుకుంటుంది. ఆ గొంతుతో.

"తాళం తియ్యి" అన్నాడు.

"బావా?"

"ఇంజను ఆపి తాళం తీసి జేబులో పెట్టుకో. పడుకో."

"మూడోది పడుతుంది బావా! ఈ ఒక్క పూటేగా? ఈ ఒక్క పూట గడిస్తే..."

"పడనీ."

"నీకేం బావా, కుర్చీలో కూర్చుని చెప్తావు. ఉద్యోగం పోయేది నాది. ఇంట్లో పిల్లల మొహాలు చూడాల్సింది నేను."

"చూడాలనే చెప్తున్నా. ఒరేయ్, నీ ఉద్యోగం పోతే మీ అక్క నన్ను తిడుతుంది. నువ్వే పోతే దానికి తిట్టే ఓపిక కూడా ఉండదు. తాళం తియ్యి. నాకు చప్పుడు వినపడాలి."

 లారీ ఒకటి రొదచేస్తూ దాటిపోయింది. తర్వాత ఇంజను తగ్గి ఆగింది. తాళం ఊడిన చిన్న చప్పుడు.

తెర మీద చుక్క ఎర్రబడింది. పై అంతస్తులో ప్రింటరు మేలుకుంది.

నింపాది ఫోను పెట్టేయడం మరిచిపోయాడు. బాబాయ్ కూడా పెట్టేయలేదు. ఆ తీగలేని తీగమీదుగా ఒక మనిషి ఊపిరి, మొదట ఎగుడుదిగుడుగా, తర్వాత మెల్లమెల్లగా సమంగా, ఆయన చెవిలోకి వచ్చింది. పదిహేను నిమిషాలైంది. లేపలేదు. నలభై నిమిషాలు పడుకోనిచ్చాడు.

ఈలోగా మేనేజరు కాగితంతో దిగి వచ్చాడు. ఖాళీలో పేరు పడి ఉంది. "మీ బావమరిది అని నాకు తెలుసు. బాధగానే ఉంది. కానీ రూలు."

"తప్పదండి" అన్నాడు బాబాయ్, ఫోను అరచేత్తో మూసి. "కానీ సార్, బండి ఆపమన్నది నేను. అతను కదుపుతానన్నాడు. నేనే వద్దన్నాను. ఎరుపు నాకు పడాలి."

మేనేజరు ఎదురుచూసింది ఏడుపులూ బతిమాలటాలూ. న్యాయం వాదన వస్తుందనుకోలేదు. ఆయన దుర్మార్గుడు కాదు. లెక్క తప్పితే మాత్రం నిద్రపట్టని మనిషి. తను రాసిన రూళ్ళ కాగితం తీసి చదువుకున్నాడు. ఏడో రూలులో, ఆదేశం ఇచ్చినవారే బాధ్యులు అని స్పష్టంగా ఉంది. అది డ్రైవర్లు క్లీనర్ల మీద నెపం పెట్టకుండా రాసింది. అయినా రాసిందే. ట్రైనర్ అమ్మాయికి ఫోన్ చేశాడు.

"మార్చొచ్చు సర్" అంది ఆ అమ్మాయి, వెనక వేరే కంపెనీ రొదలోంచి. "కానీ ఎరుపు డ్రైవర్ల మీదే పడుతుంది. అంకుల్‌ని డ్రైవర్‌గా ఎంటర్ చెయ్యాలి."

"చెయ్యండి."

"డ్రైవర్ అంటే బండి నంబర్ అడుగుతోంది సర్."

"ఆయనకి బండి లేదు."

"అయితే ముప్పై అయిదు అని పెట్టేస్తాను. అడ్రస్ అడుగుతోంది, ఆఫీస్ ఇచ్చేస్తాను. రేపు ఎనిమిదింటి నుంచి తెర మీద కనిపిస్తుంది, తర్వాత చూసుకుందాం."

"సార్" అన్నాడు బాబాయ్, "నాకు బండి నడపడం రాదండి."

"ఆ సంగతి ఇందులో అడగలేదు" అన్నాడు మేనేజరు.

ఎరుపు ఒక చుక్క మీదనుంచి లేచి, కాసేపు గాలిలో తచ్చాడి, ఇంకో పేరు మీద వాలింది. నింపాది లెక్కలో మళ్ళీ రెండే మిగిలాయి. ఉత్తరం చిరిగింది. ఇంట్లో ఆ సాయంత్రం బాబాయ్ జరిగింది చెప్పాడు. భార్య చేతులు తుడుచుకుంటూ వంటగదిలోంచి వచ్చింది.

"అంటే ఇప్పుడు మీకు ఎర్ర పడిందా?"

"ఒక్కటే. మూడు పడేదాకా ఫర్వాలేదు. నేనెక్కడ ఆగుతాను, నాకు బండెక్కడిది?"

 ఆ రాత్రి ఆ గట్టు ఇటు తిరిగి పడుకుంది.

మర్నాడు ఒకటో తారీఖు. పాత ఎరుపులన్నీ చెరిగిపోయాయి. బాబాయ్ ఎనిమిదింటికి తన కుర్చీలో కూర్చున్నాడు. ఎనిమిదీ ఎనిమిదికి ఆఫీసు ఉన్నచోట, తెర మధ్యలో, కొత్త చుక్క ఒకటి పసుపుపచ్చగా వెలిగింది. ఎనిమిదీ పదికి ఎర్రబడింది. ముప్పై అయిదో బండి ఆగి ఉంది. అది ఆగి ఉండడం తప్ప ఇంకేం చేయగలదు? నల్లడబ్బా లేని బండి కావడంతో యంత్రం ప్రతి ఎరుపు తర్వాతా అది కొత్తగా ఆగినట్టు లెక్క వేసుకుంది, పది నిమిషాలకి ఇంకొకటి. ఇంకో పది నిమిషాలకి మూడోది. పైన ప్రింటరు ఉత్తరం కక్కింది.

మేనేజరు ఆ ఉత్తరం పట్టుకుని సంతకం పెట్టాలా వద్దా అని ఆలోచిస్తుండగా రెండో ఉత్తరం వచ్చింది. పది నిమిషాలకొకటి చొప్పున ఆ యంత్రం ఒకే మనిషిని మళ్ళీ మళ్ళీ ఉద్యోగంలోంచి తీసేసింది. పదకొండున్నరకి కాగితాలైపోతే, "కాగితం పెట్టండి" అని అలర్ట్ ఇచ్చింది. అప్పటికి పంతొమ్మిది ఉత్తరాలు. ఒక్కో ఉత్తరం కాపీ యజమాని ఫోన్‌కి కూడా వెళ్ళాలని ఏదో గడిలో టిక్ ఉంది.

యజమాని ఫోన్ చేశాడు. ఆయన గొంతు కింది గదిదాకా వినిపించింది.

"ఎవడయ్యా ఈ ముప్పై అయిదోవాడు? పొద్దున్నుంచి అడుగు కదపడం లేదట! అసలు ముప్పై అయిదో బండి మనకి ఎప్పుడొచ్చింది?"

"అది... లేదండి."

"లేదా?"

"లేదండి."

"లేని బండి కదల్లేదని ఉన్న మనిషిని పంతొమ్మిదిసార్లు తీసేశావా?"

మేనేజరు ట్రైనర్ అమ్మాయికి ఫోన్ చేశాడు. అప్పుడు ఆయన గొంతు మాత్రం ఎవరికీ వినపడలేదు. ఆ ఒక్క బండికి ఆగుడు అలర్టు తీసెయ్యమన్నాడు. ఆ అమ్మాయి, "మీరే కదా సర్ మినహాయింపులు వద్దన్నారు? ఆ ఆప్షన్ లాక్ చేసేశాం. ఉంచితే అందరికీ ఉంటుంది, తీస్తే అందరికీ పోతుంది" అంది.

మధ్యాహ్నం పన్నెండున్నరకి నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. డ్రైవర్ల సంక్షేమాన్ని దృష్టిలో పెట్టుకుని, లోతైన అధ్యయనం తర్వాత, ఆగుడు అలర్టును యాజమాన్యం స్వచ్ఛందంగా ఉపసంహరించిందని అందులో ఉంది. ఆ లోతైన అధ్యయనం పదకొండున్నర నుంచి పన్నెండుంబావు దాకా జరిగింది.

జెట్టు గదిలోకి దూసుకొచ్చాడు. "బాబాయ్! ఏం స్కెచ్ వేశావయ్యా! ఎన్నాళ్ళనుంచి ఆలోచించావు?"

"స్కెచ్ ఏమిట్రా? ఎరుపు నాకు వెయ్యమన్నాను. వేశారు."

"మాకు చెప్పకు. నువ్వు మహా ముదురువి."

ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. భార్య కూడా నమ్మలేదు. తమ్ముడి దగ్గర మాత్రం, "మీ బావకి అంత తెలివే ఉంటే నాకు ఇన్నేళ్ళు ఇంత చాకిరీ ఎందుకురా" అందట. అదే సాయంత్రం ఆయన కంచం ముందు కూర్చుంటే, అడక్కుండానే రెండోసారి వడ్డించింది.

మిగతా అరవై ఒక్క గళ్ళూ అలాగే ఉన్నాయి. దారి మారినా మారకపోయినా తెర ఇప్పటికీ ఏడుస్తూనే ఉంటుంది. ఆసుపత్రుల్లో బళ్ళు కదలకుండా నిలబడ్డాయి. పెద్దమ్మలు ఒకటి నుంచి నూటపది దాకా ఒక్కసారే లెక్కపెడుతున్నారు. ముప్పై అయిదో బండిని తెర మీదనుంచి తీసెయ్యడం మాత్రం ఎవరికీ గుర్తురాలేదు.

ఏడాది చివర ఉత్తమ డ్రైవరును ఎంపిక చేసే పని కూడా యంత్రానికే అప్పజెప్పారు. అతివేగం సున్నా, సడన్ బ్రేకు సున్నా, తప్పుదారి సున్నా, ప్రమాదాలు సున్నా. నూటికి నూరు మార్కులతో ముప్పై అయిదో బండి గెలిచింది. ఫలితం మారిస్తే యజమానికి అలర్ట్ వెళ్తుందని ఇప్పుడు మేనేజరుకి బాగా తెలుసు. ఆయన నోరు మూసుకుని పూలగుత్తి తెప్పించాడు.

ఇస్త్రీ హాలులో యంత్రాలు ఆపి, కుర్చీలు వేసి, సభ పెట్టారు. వేడింకా ఆరని దుప్పట్లు గోడల వెంట తెల్లగా ఊపిరి పీలుస్తున్నాయి. యజమాని, మేనేజరు రాసిచ్చిన కాగితం చదివి, హలో బాబాయ్‌కి ఒక జ్ఞాపికా, స్టీరింగుకి తొడుక్కునే తోలు తొడుగూ ఇచ్చాడు. డ్రైవర్లు ఈలలు వేశారు.

"ఏడాదంతా ఒక్క తప్పు లేకుండా నడిపారు. రహస్యమేమిటో మా కుర్రాళ్ళకి చెప్పండి" అన్నాడు యజమాని.

బాబాయ్ తోలు తొడుగుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "తొందరపడనండి" అన్నాడు.

హాలు ఘొల్లుమంది. ఆ నవ్వుల మధ్యలో తలుపు తోసుకుని నింపాది వచ్చాడు. సభ మొదలై ఇరవై నిమిషాలైంది. జుట్టు ఒక పక్క అణిగిపోయి ఉంది. చెంప మీద సీటు కుట్టు గీతలు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి.

"ఏమైంది, ఇంతసేపు?" అన్నాడు మేనేజరు.

"నిద్రొచ్చిందండి. బండి ఆపుకుని పడుకున్నా" అన్నాడు నింపాది, తన నిదానంలో తను, వెనక వరసలో ఖాళీ కుర్చీ వెతుక్కుంటూ.

మేనేజరు అలవాటుగా ఫోన్ వైపు చూశాడు. అందులో ఏమీ లేదు.